తలనోవాలో ఆగిన ఆదివారం

ఒక దేశం దేశమంతా గురువారం రాత్రి పడుకుని శనివారం పొద్దున్న లేచింది. మందు ఎక్కువై కాదు, మన్యపు జ్వరం తగిలీ కాదు. ప్రభుత్వం వారు లెమ్మన్నారు, లేచింది. సమోవా దీవులు అప్పటిదాకా తేదీగీతకు తూర్పున ఉండేవి. లోకంలో పొద్దు అందరికంటే ఆఖర్న గుంకేది అక్కడే. వ్యాపారమేమో పడమటి వైపు ఆక్లండ్‌తోనూ సిడ్నీతోనూ. వాళ్ళు సోమవారం కొట్లు తెరిచేసరికి వీళ్ళింకా ఆదివారం చర్చిలో కూర్చుని ఉండేవాళ్ళు. ఇలా కుదరదని రెండువేల పదకొండు డిసెంబరు నెలాఖరున ఆ గీతను దీవులకు ఇటు పక్క నుంచి అటు పక్కకు జరిపేశారు. గీత కాగితం మీదిదే కాబట్టి మోసినవాళ్ళెవరికీ నడుం పట్టలేదు. కాని ముప్పయ్యో తేదీ శుక్రవారం అనేది ఆ దీవుల మీద పుట్టనే లేదు.

దానితోపాటు బస్సు డ్రైవరు అలతీసే పుట్టినరోజు కూడా గల్లంతయింది.

"యాభై ఎనిమిది రావాలి. రాలేదు. కాబట్టి నాకింకా యాభై ఏడే," అన్నాడతను శనివారం పొద్దున్న కోకో తాగుతూ.

"వయసు ఆగితే ఆగింది. ఆ గురక కూడా ఆగుంటే గవర్నమెంటుకి దణ్ణం పెట్టేదాన్ని," అంది అతని భార్య ఫువాటినో, నడుముకు లావలావా గుడ్డ బిగించి కట్టుకుంటూ.

"ఎక్కడికే పొద్దున్నే?"

"మిషను దగ్గరికి. దానికెవరు చెప్తారు ఇవాళ శనివారమని?"

ఫువాటినో ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో తీగలు కలిపింది. తీగలు కలిపే పని పోయాక మనుషుల్ని కలిపే పని పెట్టుకుంది. కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ కబుర్లాడుకునే ఆ ప్రోగ్రాం పేరు తలనోవా. సమోవా మాటలో పిచ్చాపాటీ అన్నమాట. రాజధాని అపియాలో ఒక సర్వరు, ఆక్లండ్‌లో ఒకటి, సిడ్నీలో ఒకటి, తేదీగీతకు అవతలే మిగిలిపోయిన పాగో పాగోలో ఒకటి. నాలుగూ సముద్రం అడుగున చేతులు కలుపుకుని ఉంటాయి. ఎవరు ఎక్కడ ఒక ముక్క టైపు చేసినా కన్ను మూసి తెరిచేలోగా నాలుగు చోట్లా కనిపిస్తుంది. అందులో కుటుంబానికో గది, ఊరికో గది, రగ్బీకి మూడు గదులు. జీతం లేదు, సెలవు లేదు. ప్రోగ్రాం చెడితే బాగుచేసేది ఈవిడే. చెడకపోయినా జనం తిట్టేది ఈవిడనే.

ఈవిడ మిషను, అంటే అపియా సర్వరు, ఉండేది చర్చి వెనక, ఆదివారపు బడి పక్క గదిలో. కరెంటు పోతే జనరేటరు ఉన్నది అక్కడే మరి. దాన్ని ఆ గదిలో ఉండనివ్వడానికి పాస్టరు సకారియా ఒక షరతు పెట్టాడు. షరతుకి కారణం లేకపోలేదు. మూడేళ్ళ క్రితం ఈస్టరు నాడు ఆయన చెమటోడ్చి ప్రసంగిస్తుంటే, కుర్రకారంతా పాటల పుస్తకాల చాటున ఫోన్లు పెట్టుకుని తలనోవాలో ముచ్చట్లాడారు. పైగా ఆ ముచ్చట ప్రసంగం ఎంత పొడుగన్నదాని మీద. పాస్టరు ఆ రోజే తీగ పీకేసేవాడు. ఫువాటినో కాళ్ళావేళ్ళా పడి, వారం రోజులు కూర్చుని, ప్రోగ్రాంలో కొత్త ముక్క రాసింది. దాని పేరు సా.

సా అంటే ఊళ్ళో సాయంత్రం శంఖం ఊదాక ప్రార్థన అయ్యేదాకా ఉండే నిశ్శబ్దం. అప్పుడు వీధిలో ఎవరూ నడవరు. నడవబోతే ఊరి కుర్రాళ్ళు ఆపుతారు. ఆమె రాసిన ముక్క కూడా అదే పని చేస్తుంది. రోజూ సాయంత్రం పదిహేను నిమిషాలు, ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి పదిన్నర దాకా, అపియా సర్వరు మీద ఉన్నవాళ్ళ మాట బయటికి పోదు, బయటి మాట లోపలికి రాదు. ఆగిన మాటలన్నీ వచ్చిన వరసలో ఒక పెట్టెలోకి చేరతాయి. సా ఎత్తగానే ఎవరివి వాళ్ళకి అందుతాయి. దాన్ని చేత్తో ఎత్తే ఆజ్ఞ అసలు పెట్టలేదు. "నువ్వు కూడా ఎత్తలేవని ఒట్టు వెయ్యి," అన్నాడు పాస్టరు. వేసింది. ఆక్లండ్ వాళ్ళు చూసి ముచ్చటపడి తమకూ పెట్టుకున్నారు, తరవాత సిడ్నీ, తరవాత పాగో. ఎవరి గడియారం ప్రకారం వాళ్ళకు.

ఆ శనివారం పొద్దున్న ఫువాటినో గది తలుపు తీసేసరికి సర్వరు ఇంకా శుక్రవారం చూపిస్తోంది. దేశమంతా గోడ కాలెండరు మీద ఒక కాగితం ఎక్కువ చింపింది కదా, ఆమె కూడా అదే చేసింది. మిషను గడియారాన్ని ఒక రోజు ముందుకు తిప్పింది.

నిమిషం గడవలేదు. తెరమీద నాలుగు వందల చిల్లర పేర్లు, చీమల బారు మీద నీళ్ళు పోసినట్టు, గుంపులు గుంపులుగా మాయమయ్యాయి. ఆక్లండ్ లేదు. సిడ్నీ లేదు. పాగో లేదు. అపియా ఒక్కటే సముద్రం మధ్య మిగిలింది.

ఆక్లండ్ సర్వరు చూసుకునేది ఆమె పినతల్లి కొడుకు లౌతీ. ఫోను చేసింది.

"అక్కా! ఏం చేశావ్? నీ మిషను రేపట్లోకి దూకేసింది!"

"రేపట్లోకేంట్రా, ఇవాళ్టిలోకే తెచ్చా. శనివారం కదా?"

"శనివారమే. కాని మిషనుకి శుక్రవారం శనివారం ఏం తెలుసక్కా? దానికి సెకన్లే. నీది ఎనభై ఆరువేల నాలుగు వందల సెకన్లు ముందుకుపోయింది. అంత తేడా ఉంటే మావి చెయ్యి వదిలేస్తాయి, తెలుసుగా? ఒకే పేరు ఇద్దరు పెట్టుకుంటే ముందొచ్చినవాడిదే పేరు. ఎవరు ముందో రేపట్నించి వచ్చినదాన్ని అడిగితే ఏం చెప్తుంది?"

"ముప్పై ఏళ్ళు తీగలు కలిపిన దాన్ని, నాకే పాఠమా?"

"పాఠం కాదక్కా. ముందు దాన్ని వెనక్కి తిప్పు. ఇక్కడ అత్తయ్యలందరూ నన్ను తింటున్నారు."

వెనక్కి తిప్పింది. మళ్ళీ పేర్లు వచ్చాయి, వాన వెలిశాక పీతలు బొరియల్లోంచి వచ్చినట్టు ఒక్కొక్కటే, తరవాత పదులు, తరవాత వందలు. ఫువాటినో ఊపిరి పీల్చుకుని, ఏమేం చెడిందో చూద్దామని సర్వరు దినచర్య తెరిచింది. ప్రతి మాటా ఏ సెకనులో వచ్చిందో అందులో ఉంటుంది. ఎప్పుడో మొదలుపెట్టి ఆపకుండా లెక్కపెడుతున్న సెకన్లు. లోకంలో ఉన్న మిషన్లన్నిటికీ ఒకే లెక్క.

గురువారం అర్ధరాత్రి దగ్గర ఆమె వేలు ఆగింది.

సవాయీ దీవి నుంచి ఒకావిడ ఆక్లండ్‌లో రాత్రి పని చేసే కొడుకును అడిగింది: "తిన్నావా నాన్నా?" అంకె నూట ముప్పై రెండు కోట్ల యాభై రెండు లక్షల ముప్పై తొమ్మిది వేల నూట తొంభై తొమ్మిది. అది సమోవాలో గురువారపు ఆఖరి సెకను. కొడుకు జవాబు: "ఇప్పుడేనమ్మా." అంకె ముప్పై తొమ్మిది వేల రెండు వందల నాలుగు. తల్లి అడిగింది గురువారం. జవాబు అందింది శనివారం. మధ్యలో అయిదు సెకన్లు.

ఫువాటినో ఆ రెండు లైన్లూ మళ్ళీ చదివింది. వేలు పెట్టి అంకెలు లెక్కపెట్టింది. మధ్యలో ఒక్కటైనా తప్పిపోలేదు. ఒక దేశం ఒక రోజంతటినీ మింగేసింది, చర్చిల్లో గంటలు కొట్టారు, రేవులో ఓడలు కూత కూశాయి. ఈ లెక్క మాత్రం తల కూడా తిప్పి చూడలేదు. నిద్రపోయే బిడ్డ ఊపిరిలా, ఒకటి తరవాత ఒకటి. రాజులూ మంత్రులూ గీతలు జరుపుకుంటూ ఉంటే, ఆ గీతల అడుగున ఇంత లోతున, ఇంత నిమ్మళంగా నడిచేది ఒకటుందని పన్నెండేళ్ళుగా దాన్ని తుడిచి కాచుకుంటున్న ఆమెకే తట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది.

"ఏమ్మా ఫువాటినో, మిషనుకి ప్రార్థన చేస్తున్నావా?"

గుమ్మంలో పాస్టరు సకారియా. డెబ్భై ఏళ్ళ మనిషి, కొబ్బరి చెట్టంత పొడుగు, దానికి తగ్గ గొంతు.

"రండి అయ్యగారూ. ఇది చూడండి, ఈ అంకెలు..."

"అంకెలు తరవాత. రేపు తొమ్మిదింటికి నీ సా దిగుతుందా?"

ఫువాటినో తెర వైపు తిరిగింది. సా ప్రోగ్రాంలో సమోవా గంటను ఆమె ఎలా రాసిందో అప్పుడు గుర్తుకొచ్చింది. లోకపు గడియారంలోంచి పది గంటలు తీసెయ్యి అని, అంకె వేసి, రాతి మీద చెక్కినట్టు రాసింది. దీవి కదులుతుందని ఎవరనుకుంటారు? ఇప్పుడు పది తీసెయ్యడం కాదు, పద్నాలుగు కలపాలి. గంట ఎటు చూసినా అదే గంట. వారమే వేరు. రేపు జనం ఆదివారం చర్చికి వెళ్ళే వేళకు ప్రోగ్రాం శనివారమనుకుని ఊరుకుంటుంది. సోమవారం పొద్దున్న అందరి నోరూ నొక్కేస్తుంది.

"నీళ్ళు నములుతున్నావంటే దిగదన్నమాట," అన్నాడు పాస్టరు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసారి గొంతు తగ్గించాడు. "విను. పొద్దుట్నించి మా ఇంటికి పదకొండు మంది వచ్చారు. రేపు నిజంగా ఆదివారమేనా అయ్యగారూ, శనివారాన్నే ఆదివారమని పిలుస్తున్నారా అని. పెద్దలకే గుబులుగా ఉంది. అదే ఆదివారమని నేను గట్టిగా చెప్పా. రేపు నేను ప్రసంగంలో ఉండగా తలనోవాలో ఒక్క మాట నడిచిందనుకో, ఏమంటారు? మిషను కూడా ఒప్పుకోలేదు అంటారు. అప్పుడు నేను పీఠం దిగి, ఆ అంగీతోనే ఇక్కడికొచ్చి, నా చేత్తో ఆ తీగ పీకుతా. మళ్ళీ పెట్టను. ఈ గదిలో పిల్లలకి కుట్టుపని నేర్పుకుంటా."

"దిగుతుందయ్యగారూ. దింపుతా."

"ఒట్టు?"

"మీకు నా ఒట్ల మీద మోజెక్కువ," అంది ఫువాటినో.

ఆయన వెళ్ళాక ప్రోగ్రాం తెరిచింది. అది ఆమె ఒక్కతే రాసింది కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఎక్కడో మంచు దేశంలో ఎవరో మొదలుపెట్టారు. తరవాత ఎవరి వల్ల అయింది వాళ్ళు అతికారు. ప్రతి అతుకు దగ్గరా ఒక పేరు, ఒక మాట. "ఇక్కడ జాగ్రత్త, రెండు రాత్రులు పోయాయి." "ఇది ఎందుకు పనిచేస్తుందో నాకు తెలీదు, ముట్టుకోకండి." ముక్కూ మొహం తెలియనివాళ్ళు, కొందరు పోయినవాళ్ళు కూడా, చీకటి దారిలో దీపాలు పెట్టినట్టు పెట్టిపోయారు. ఆ దీపాలు పట్టుకుని నడుస్తూ ఆమె తన ముక్క దగ్గరికి వచ్చింది. అక్కడ తన చేతిరాతే: "సమోవా. పది గంటలు వెనక. ఇది మారదు."

"మారిందే తల్లీ," అనుకుని అంకె మార్చింది. ఇంటి నుంచి తెచ్చుకున్న పాత లాప్‌టాప్ మీద గడియారం తిప్పి ఆదివారం తొమ్మిది చేసి చూసింది. సా దిగింది! ఎవరూ లేని గదిలో ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది. సర్వరు ఆపి కొత్త ప్రోగ్రాం ఎక్కించింది. అరనిమిషంలో జనం తిరిగొచ్చి, ఆమెను తిట్టి, మళ్ళీ రగ్బీ మాటల్లో పడ్డారు. శనివారం సాయంత్రపు సా సరిగ్గా దిగింది, సరిగ్గా లేచింది. ఇంటికెళ్ళి నిశ్చింతగా టారో దుంపలు చెక్కింది.

ఆదివారం. కొత్త సంవత్సరం మొదటి రోజు. చర్చిలో ఇసుక వేస్తే రాలడం లేదు. తెల్ల గౌన్లు, తెల్ల టోపీలు, విసనకర్రలు. ఫువాటినో పాటల బృందంలో రెండో వరస. తొమ్మిదయింది. కుర్రకారు వైపు చూసింది. పాటల పుస్తకాల చాటున వేళ్ళు కదిలాయి, ఆగాయి. ఒకడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. తరవాత అందరూ దిక్కులేక పాస్టరు మొహం వైపు చూశారు. సా దిగింది. ఇది ఆదివారమేనని మిషను కూడా ఒప్పుకుంది. పీఠం మీద సకారియా ఛాతీ ఒక అంగుళం పెరిగింది. ఆ పెరిగిన ఛాతీతో ఆయన ఆ రోజు చెప్పిన ప్రసంగం గురించి అపియాలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. రోజులు మనవి కావు, మనకు అప్పగించినవి అన్నాడు. ముసలమ్మలు ఏడ్చారు. గోడమీది బల్లి కూడా కదలకుండా విన్నదంటారు, నమ్మేవాళ్ళు నమ్మండి.

చివరి పాట రెండో చరణంలో ఫువాటినో గొంతు ఆగిపోయింది. పక్కావిడ మోచేత్తో పొడిచింది. లాభం లేదు. సా దించే ముక్కా, ఎత్తే ముక్కా ఒకటి కావు. ఎత్తే ముక్క తరవాత ఎప్పుడో, జ్వరంతో ఉండి, హడావిడిలో రాసింది. అందులో కూడా ఆ పదిని మళ్ళీ రాసింది. అది మార్చలేదు. రోజూ సాయంత్రం సా గంట చూసి లేస్తుంది, వారంతో దానికి పని లేదు. ఆదివారపు సాకి అలా కాదు. ఆదివారం పదిన్నర అయిందా అని చూసి ఎత్తుతుంది. ఆ ముక్క లెక్కలో ఇవాళ ఇంకా శనివారమే. అంటే సా లేచేది రేపు పదిన్నరకి.

పాట అయిందో లేదో, పాస్టరు ఆమె రెక్క పుచ్చుకుని వెనక గదికి తీసుకుపోయాడు. మొహం వెలిగిపోతోంది.

"చూపించు! ఒక్క మాటైనా నడిచిందా?"

"లేదయ్యగారూ." తెర మీద ఆఖరి మాట ఎనిమిది యాభై తొమ్మిది. తరవాత ఖాళీ. కింద మూలన పెట్టెలో ఆగిన మాటల లెక్క: రెండువేల మూడు వందలు. చూస్తుండగానే పెరుగుతోంది. పదిన్నర దాటి ఏడు నిమిషాలయింది.

"మరి లేవలేదేం?"

చెప్పింది. తప్పు ఒప్పుకుని, తల వంచుకుని, తిట్లకు సిద్ధపడి చెప్పింది. పాస్టరు తెర వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, మీసం దువ్వుకున్నాడు.

"రేపు పదిన్నర దాకానా?"

"అవునయ్యగారూ."

"కొత్త సంవత్సరం మొదటి రోజంతా, కుర్రాళ్ళు అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకోవలసిందేనా?"

"అవును."

"దేవుడు నీ చేత తప్పు చేయించాడా, నువ్వే చేశావా?"

"నేనే చేశా."

"అబద్ధం. ఇంత మంచిపని నువ్వు ఒక్కదానివే చెయ్యలేవు. ముట్టుకోకు. ఎలా ఉందో అలానే ఉండనీ."

ఆయన గుమ్మం దాటబోతుండగా జేబులో ఫోను మోగింది. పాగో పాగో నుంచి. ఆయన అన్న ఎనోకా, ఆయనా పాస్టరే. ఇద్దరివీ ఒకే ఒడ్డూ పొడుగూ, ఒకే గొంతు. ముప్పై ఏళ్ళలో ఒకరి ప్రసంగాన్ని ఒకరు మెచ్చుకున్న పాపాన పోలేదు. ఎనోకాకి చెవులు వినపడవు కనుక ఫోనులో ఆయన అరిచేది గది దాటి బడి దాకా వినిపిస్తుంది.

"తమ్ముడూ! గంటన్నర నుంచి తలనోవాలో రాస్తున్నా, పలకవేం? పొగరా?"

"సా అన్నా! ఇక్కడ ఆదివారం!"

"ఏంటీ? పందివారమా?"

"ఆదివారం! ఆది!"

"ఏమో, నాకేం వినపడ్డం లేదు. నేను చెప్పేది విను. ఈ వారం మూడు చావులు. మూడిటికీ నేనే నిలబడ్డా. రేపు కొత్త సంవత్సరం ప్రసంగం, బుర్రలో గుజ్జు లేదు. ఇక్కడింకా శనివారం. నీది అయిపోయిందిగా? బాగా చెప్పావట. మీ ఊరి నుంచి ఫోను చేసి మా ఆవిడకి చెప్పారు, ముసలమ్మలు ఏడ్చారట. రాసి పంపు. ఫోనులో చెప్పకు, నాకు వినపడదు. తలనోవాలో రాయి!" పెట్టేశాడు.

పాస్టరు సకారియా ఫోను చేతిలో పెట్టుకుని నిలబడిపోయాడు. ముప్పై ఏళ్ళకి అన్న అడిగాడు. అడిగినవాడు అన్న.

ఫువాటినో తెర వైపు తిరిగి, ఏమీ విననట్టు, పెట్టె లెక్క చూస్తోంది. రెండువేల అయిదు వందలు.

"ఏమ్మా," అన్నాడు పాస్టరు.

"చెప్పండయ్యగారూ."

"అది ఎత్తడం కష్టమా?"

"ఒక అంకె మార్చాలి. కాని ఆదివారం కదా. ఆదివారం పని చెయ్యకూడదని మీరే కదా చెప్పింది."

"ఆదివారమైతే గోతిలో పడ్డ ఎద్దును పైకి లాగరా?"

"లాగుతారు. ఎద్దెవరు అయ్యగారూ, మీ అన్నగారా?"

"నోరు మూసుకుని మార్చు," అన్నాడు పాస్టరు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

మార్చింది. ఈసారి లాప్‌టాప్ మీద దింపీ చూసింది, ఎత్తీ చూసింది. పాత ప్రోగ్రాం ఆపింది. అరనిమిషం సర్వరు ఊపిరి బిగబట్టింది. పెట్టె అక్కడే పదిలంగా ఉంది. కొత్త ప్రోగ్రాం లేచి, గడియారం చూసి, ఆదివారం పదిన్నర దాటిందని ఒప్పుకుని, పెట్టె మూత తీసింది.

మాటలు దిగాయి. లైన్లు కావు, వానే. తెర కింది నుంచి పైకి, చదవడానికి వీల్లేనంత వేగంగా, సిడ్నీ నుంచి, పాగో నుంచి, ఆక్లండ్ మౌనంలోకి వెళ్ళక ముందు ఆక్లండ్ నుంచి: కొత్త సంవత్సరం దీవెనలు, బిడ్డ పుట్టిన కబురు, అమ్మమ్మని అడిగానని చెప్పండి, పంది కాల్చారా, లేచారా, పలకరేం, ఏమైంది మీకు, బతికే ఉన్నారా. నాలుగు వందల ఇళ్ళ గొంతులు ఒక్క పెట్టున. బయట వీధి పొడుగునా, ఇళ్ళలో, బస్సు స్టాండులో, ఫోన్లు ఒకదాని తరవాత ఒకటి కూశాయి, తెల్లవారగానే కోళ్ళు అందుకున్నట్టు. పాస్టరు కుర్చీ వెన్ను పట్టుకున్నాడు.

"ఇవన్నీ ఎక్కడున్నాయి ఇంతసేపూ?"

"ఇక్కడే. తలుపు బయట. వరసలో నిలబడి."

"ఒక్కరూ తోసుకోలేదా?"

"ఒక్కరూ."

 పాస్టరు ఆక్లండ్ పేర్ల వైపు వేలు చూపాడు. రెండు వందలకు పైగా పేర్లు, ఒక్కటీ కదలడం లేదు.

"వాళ్ళకేమైంది?"

"ఇప్పుడు వాళ్ళ ఆరాధన. మనకంటే గంట వెనక. ఇంకో గంటలో సిడ్నీ. పాగో రేపు పది గంటలకి. మౌనం అలా ఒక్కో దీవి మీదుగా పోతుందయ్యగారూ, మబ్బు నీడ సముద్రం మీద పోయినట్టు. ఇదివరకు మన మీదికి చివర్లో వచ్చేది. ఇప్పుడు మొదలయ్యేదే మన దగ్గర."

"మన దగ్గర," అన్నాడు పాస్టరు నెమ్మదిగా. కుర్చీలో కూర్చున్నాడు. "నాకు టైపు రాదు. నేను చెప్తా, నువ్వు కొట్టు."

భోజనాల వేళ దాటింది. ఇళ్ళలో పొయ్యి రాళ్ళ మీద దుంపలు మెత్తబడి విచ్చుకున్నాయి. గదిలో ఆయన చెబుతున్నాడు, ఆమె కొడుతోంది.

"అయ్యగారూ, ఈ మాట పొద్దున్న మీరు చెప్పలేదు."

"చెప్పాల్సింది. కొట్టు."

"ఇదీ చెప్పలేదు."

"అన్నయ్యకి పంపేది. కాస్త బాగుండాలి. కొట్టవే తల్లీ."

సోమవారం పదికి పావుగంట ఉందనగా, పిలవకుండానే, పాస్టరు సకారియా గదిలోకొచ్చాడు. ఉతికిన తెల్లంగీ వేసుకున్నాడు, అది సోమవారమైనా. ఫువాటినో పక్కకు జరిగింది. పాగో గదిలో మాటలు నడుస్తున్నాయి: ఎవరో చెప్పులు దొరకలేదంటున్నారు, ఎవరో పిల్లలకి తల దువ్వమంటున్నారు. తరవాత ఎనోకా పేరు మీద ఒక లైను.

"గంట కొట్టారు తమ్ముడూ. వెళ్తున్నా. మూడో భాగం మరీ బాగుంది. కళ్ళజోడు తడిసింది."

పది. పాగో పేర్లు ఒకేసారి ఆగాయి. నూట అరవై మంది, ఒక్క అక్షరం లేదు. ఎనభై మైళ్ళ అవతల, సముద్రానికి ఆ ఒడ్డున, ఇంకా ఆదివారంగానే ఉన్న ఆ పొద్దున్న, సకారియా మాటలే ఆయన గొంతుతో పుట్టిన ఇంకో మనిషి నోట్లోంచి వస్తున్నాయి. నిన్న అయిపోయిన మాటలు. ఇప్పుడే మొదలవుతున్నాయి.

పాస్టరు తెర మీద కదలని పేర్ల ముందు తల వంచాడు. ఫువాటినో లేచి ఫ్యాను ఆపింది, అది చప్పుడు చేస్తోందని.